తాళచిహ్నములు: కాలమును వ్రాసిన తెఱఁగు

కొన్ని యేండ్ల క్రిందటఁ బల్నాటిసీమలో నొక మిత్రుని యింటఁ దాళపత్రసంపుట మొకటి చూచితిని. అందొక కీర్తనము తల నిలువుగీతయు, మీఁదివైపు తెఱచియున్న యర్ధచంద్రమును, సున్నయు వరుసగా గీయఁబడి యున్నవి. నా వెంట వచ్చిన విద్యార్థి ఛందస్సున మంచి నేర్పరి. అతఁడు నిలువుగీతను లఘువనియు, నర్ధచంద్రమును గురువనియుఁ జదివి మూఁడు మాత్రలు లెక్కించి, సున్నయొద్ద నిలిచిపోయెను. చిల్లుపడిన చోటును వ్రాయసకాఁడు చుట్టి విడిచెనేమో యని యూహించెను. అతనిని నవ్వుటకు నాకు నోరాడలేదు. నేనును జదువుకొను దినములలో నిట్లే తప్పితిని. తాళపత్రములను బరిష్కరించువారిలోఁ బలువురు లాక్షణికులే గాని గాయకులు గారు. ఈ పొరపాటు అచ్చునకెక్కినచో నొక పాట తాళమే మాఱిపోవును. అందుచేత నిది కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

ఛందశ్శాస్త్రమున నర్ధచంద్రము గురువు, రెండు మాత్రలు. నిలువుగీత లఘువు, ఒక మాత్ర. అప్పకవి లక్షణగ్రంథము వ్రాసిన పల్నాటిలో నిది పసివాండ్రకును దెలియును. తాళశాస్త్రమునను నిలువుగీత లఘువే. కాని నేఁటి వాడుకలోఁ జతురశ్రజాతియందు దానికి నాలుగక్షరకాలములు. సున్న ద్రుతము, రెండు. అర్ధచంద్రము అనుద్రుతము, ఒక్కటియే. గురువునకు ఎనిమిదంకెను బోలిన వేఱు గుఱుతు గలదు, దాని విలువ 8. ప్లుతమునకు 12, కూడికగుఱుతు వంటి కాకపాదమునకు 16. ఛందస్సున లఘువునకు రెట్టింపైన యాకారమే తాళమున లఘువులో నాలవపాలైనది! పుట్టి యను మాట యొకటియే యైనను ఊరూరికిని గొలత మాఱుట మన రైతు లెఱిఁగినదే; పండితులును గుఱుతు చూచినంతనే యిది యే యంగడి కొలత యని యడుగవలెను.

ఇట్లు చిహ్నములు వేఱైనను, రెండు శాస్త్రములకును మూలము ఉచ్చారణకాలమే. పాణిని హ్రస్వదీర్ఘప్లుతములను ఉకారముయొక్క మూఁడు పలుకుబడులతో నిరూపించెను. ప్లుతమును వ్రాయవలసినచో నచ్చు ప్రక్కన 3 అంకె వేయుట వైయాకరణుల వాడుక. 13వ శతాబ్దమున దేవగిరిలో శార్ఙ్గదేవుఁడు రచించిన సంగీతరత్నాకరమున నైదవదియగు తాళాధ్యాయమును జదువునపుడు వైయాకరణునకు మిక్కిలి సంతోషము గలుగును. మార్గతాళముల పేరులే వాని లిపి. ‘చచ్చత్పుటః’ అని పలుకుఁడు. మొదటి రెండు వర్ణములును సంయోగము పరమగుటచే గురువులు, ‘పు’ లఘువు, విసర్గాంతమైన ‘టః’ గురువు. ఆ కడపటి గురువును బ్లుతము చేసినచో 2, 2, 1, 3 కలసి ఎనిమిది మాత్రలు. ‘చాచపుటః’ అనునది యున్నదున్నట్లే గురువు, రెండు లఘువులు, గురువు, ఆఱు మాత్రలు. ‘షట్పితాపుత్రకః’ అనుదాన మొదటి గురువును గడపటి గురువును బ్లుతములు చేయఁగాఁ బండ్రెండు. పేరు మఱవనివాఁడు తాళమును మఱవఁడు. ఇందును మాత్ర యనఁగా నైదు లఘ్వక్షరముల నుచ్చరించు కాలమని మఱవరాదు. కాఁబట్టి లఘువునకు ఒకటి, నాలుగు, ఐదు అని మూఁడు విలువలు మన గ్రంథములలోనే యున్నవి.

ఐరోపావారును నిట్టి చిక్కులనే పడిరి. 1200 ప్రాంతమునఁ బారిస్ నగరపు నోత్రదామ్ దేవాలయగాయకులు స్వరములను గుంపులుగాఁ గలిపి వ్రాసి, ఆ గుంపుల కూర్పునుబట్టియే దీర్ఘహ్రస్వముల నడకను గ్రహించెడివారు. అట్టి నడక లాఱు. గురులఘువులు మాఱిమాఱి వచ్చుట మొదటిది. 1280 ప్రాంతమునఁ గొలోన్ ఫ్రాంకో యనునతఁడు ‘లోంగా’, ‘బ్రెవిస్’, ‘సెమిబ్రెవిస్’ అని దీర్ఘ, హ్రస్వ, అతిహ్రస్వములకు వేఱువేఱు రూపముల నేర్పఱచెను. అయినను రూపము చూచినంతమాత్రమున విలువ తెలియదు. దీర్ఘమునకు వెనుక మఱొక దీర్ఘము వచ్చినచో మొదటిది మూఁడు హ్రస్వములు. వెనుక నొక్క హ్రస్వమే వచ్చినచో రెండు. పరవర్ణమునుబట్టి పూర్వవర్ణము మాఱుట మనకుఁ గొత్తగాదు; మన సంయోగము పూర్వలఘువును బెంచును, వారి హ్రస్వము పూర్వదీర్ఘమును దగ్గించును. 14వ శతాబ్దమున వారు పూర్ణవృత్తమును మూఁటి విభాగమునకును, అర్ధవృత్తమును రెంటి విభాగమునకును గుఱుతులుగా నిలిపిరి. మూఁడే పూర్ణసంఖ్య యని వారి మతము. వారి సున్న పూర్ణము, మన సున్న లఘువులో సగము! ఆ యర్ధవృత్తము నేఁటికిని వారి స్వరలిపిలో నాలుగు దెబ్బల తాళమునకు గుఱుతై నిలిచియున్నది. దానిని ‘సీ’ యను నాంగ్లాక్షరమని యనేకులు భ్రమపడుదురు.

ఆ కాలమునకుఁ గొంచె మీవలనే కొండవీటియందుఁ బెదకోమటి వేమారెడ్డి (1402-1420) సంగీతచింతామణిని రచించెను. శాస్త్రమునకుఁ గొఱఁత లేదు. కాని శాస్త్రమునఁ జిహ్నము లుండుట వేఱు, పాటప్రక్క వానిని వ్రాయుట వేఱు. తిరుమలలోని తాళ్లపాకవారి రాగిరేకులే యిందుకు సాక్ష్యము. పాటపాటకును రాగము పేరు చెక్కిరి. తాళము పేరును సాధారణముగాఁ జెక్కరైరి. చేతులతోఁ దట్టుచు నేర్చువానికి తాళమును వ్రాసి చూపనేల యని తలఁచిరి కాఁబోలు. ఆ గురుశిష్యపరంపర తెగిన పిదప నా పాటలకుఁ దాళము నెవరికిఁ దోఁచినట్లు వారు కట్టుకొనవలసినదయ్యెను.

ఈ కొఱఁత 1904లోఁ దీఱెను. అదియుఁ దెనుఁగునాట గాదు, అఱవదేశపు టెట్టయపురమునఁ దెనుఁగులిపిలో నచ్చైన సంగీతసంప్రదాయప్రదర్శినితో. చిన్నస్వామి మొదలియారు 1893లో మన పాటలను ఐరోపా స్వరలిపిలోనికి మార్ప యత్నించినవాఁడు. సుబ్బరామదీక్షితులు మాత్రము వర్ణమాలనే లిపిగాఁ గొనెను. ‘స’ యన్నచో నొక యక్షరకాలము, ‘సా’ యన్నచో రెండు. స్వరములకు ఒక గీత గీసినచోఁ గాలము సగము, రెండు గీతలైనచోఁ బాతిక. చచ్చత్పుటమునఁ జూచిన యుపాయమే మరల వచ్చినది: అచ్చు పొడవే కాలపు పొడవు.

ఇఁక మా తాళపత్రము. అర్ధచంద్రమును అనుద్రుతమని దిద్దితిమి; లఘువు, అనుద్రుతము, ద్రుతము అను నీ వరుస ఝంపతాళము. అంతటితోఁ దీఱలేదు. లఘువు ప్రక్క జాతిసంఖ్య లేదు. అది మూఁడో, నాలుగో, ఐదో, ఏడో, తొమ్మిదో చెప్పునది యా యాకుపై నేమియు లేదు. వాడుకలోని ఝంప మిశ్రజాతి గనుక నేడును, ఒకటియు, రెండును గలిపి పదింటికిఁ జరణమును విఱిచి చూచితిమి. నా విద్యార్థి చేతితోఁ దట్టుచుఁ జదివెను. మూఁడు పాదములు సరిపోయినవి, నాలవపాదమున నొక యక్షరము తక్కువైనది. అక్కడ నాకు చివర విఱిగియుండెను.