మనోవ్యాధియు సెల్‌ఫోనును: రోగుల మాట



గోదావరికి వరద వచ్చినప్పుడు మన లంకవారు మొదట నడుగు ప్రశ్న "ధవళేశ్వరంలో నీరెంత?" అనునదియే. అచ్చట మట్టము 11.75 అడుగులకు చేరిన మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు నిత్తురు. నీరు గడప దాటకముందే తెలియుటచేత గొడ్లను గట్టు చేర్చుకొనుచున్నాము. మనస్సున పొంగు దుఃఖమునకును ఇట్టి కొలత యుండిన మేలని తలంచి, వైద్యులు సెల్‌ఫోనును అందుకు వినియోగించి చూచుచున్నారు.

ఈ ప్రయత్నము మన పొరుగుననే జరిగినది. పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో జార్జి ఇన్‌స్టిట్యూటువారు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అను పథకమును నడపి, ఫలితములను 2017లో ప్రకటించిరి. ఆశా కార్యకర్త టాబ్లెట్టుతో ఇంటింటికి పోయి ప్రశ్నలడుగును. ఆ జవాబులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు అందును. రోగి ఫోనునకు వైద్యమును జ్ఞప్తికి దెచ్చు మాటలు వినవచ్చును. 5,007 మందిని పరీక్షింపగా 238 మందిని వైద్యుని చూడవలసినవారిగా గుర్తించిరి. వీరిలో మానసిక వైద్యము పొందినవారు మునుపు నూటికి 0.8 మందియే, పిదప 12.6 మంది. తరువాత పశ్చిమ గోదావరిలోను హర్యానాలోను 44 ఆరోగ్య కేంద్రముల పరిధిలో పెద్ద పరీక్ష జరిపి, విషాద లక్షణములు తగ్గినట్లు 2024లో ప్రకటించిరి.

అడుగు ప్రశ్నలు కఠినమైనవి కావు. విషాదమును గుర్తించుటకు తొమ్మిది ప్రశ్నలు గలవు. గడచిన రెండు వారములలో నిద్ర, ఆకలి, అలసట, పనియందు ఆసక్తి ఎట్లున్నవి? చచ్చిన బాగుండునను తలంపు కలిగెనా? ఒక్కొక్కదానికి సున్న మొదలు మూడు వరకు గుర్తులు, మొత్తము 27. పది గాని అంతకు మించి గాని వచ్చినచో వైద్యుని చూడవలెను. ఆకు పసుపెక్కినంతనే తెగులిదియని మేము తేల్చజాలము; చేనిలో దిగి చూడవలెను. ఇదియు నట్టిదే. లెక్క హెచ్చరించును, రోగమును నిర్ణయించువాడు వైద్యుడు.

అయితే రోగు లేమందురు? మేము పొలముల వెంట తిరుగునపుడు, మందు పుచ్చుకొనుచున్న కొందరిని అడిగితిమి. రాజోలు వైపు కొబ్బరితోట రైతొకరు, "డాక్టరుగారి ముందు నోరు పెగల్దండి. నెల కిందటి నిద్ర సంగతి గుర్తుండదు కూడానూ. ఏ పూటకాపూట ఫోనులో చెప్పడం సుళువండి" అనిరి. కొత్తపేట ప్రాంతపు తల్లి యొకతె, "ఫోను మా అబ్బాయి చేతిలో ఉంటాదండి. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉంది. నలుగురికీ తెలిస్తే ఎలాగండి?" అని కంట తడిపెట్టినది. మరియొకరు, "రోజూ అడిగితే మర్చిపోదామన్న బాధ మళ్లీ గుర్తొస్తాదండి" అనిరి. చివరకొకరు, "బాలేదని నొక్కాననుకోండి. తరవాత ఎవరొస్తారండీ?" అని మమ్ము నిలదీసిరి.

ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. హెచ్చరిక యిచ్చి పడవ పంపకున్నచో లంకవానికేమి లాభము? ఫోను వెనుక ఆశా కార్యకర్తయు వైద్యుడును ఉన్నప్పుడే దానికి విలువ. తక్కిన అభ్యంతరములకు ఉపాయములు గలవు. అక్షరములు రానివారికి ప్రశ్నలు తెలుగున వినిపింపవలెను. ఎన్నాళ్లకొకసారి అడుగవలెనో రోగియే వైద్యునితో చెప్పుకొనవలెను. జవాబులు ఎవరు చూతురో ముందే అడిగి, సమ్మతి యైననే చేరవలెను. రోగి సంగతి గోప్యముగ నుంచుట 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికిచ్చిన హక్కు. తల్లి ఫోనును చూచు కుమారులు ఈ మాట గమనింతురుగాక.

2022 అక్టోబరు నుండి టెలీ మానస్ అను సేవ నడచుచున్నది. 14416 అను అంకెకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. కాని ఇంట నెవరైన చావు మాట ఎత్తినచో అంకెలు లెక్కించుచు కూర్చుండరాదు. వారిని ఒంటరిగా విడువక వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. పురుగుమందుల డబ్బాలను తాళమువేసి, తాళపుచెవి దాచవలెను. మందుల వాడుక మీకు చెప్పువారము గనుక ఈ మాటయు చెప్పుట మా విధి.

సంఘ సభలో అప్పుల లెక్క అడుగుటకు మనము సిగ్గుపడము. పక్క రైతును "నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుటకును సిగ్గుపడనక్కరలేదు.