పోటీ గిత్తకు తవుడు పెట్టే లెక్క



తవుడు గురించి ప్రసంగం అనగానే ఊకదంపుడు కాబోలు అనుకునేరు! ఊక వేరు, తవుడు వేరు. ధాన్యం మరపట్టినప్పుడు ముందుగా ఊడేది ఊక. అది పశువుకు తిండి కాదు, బట్టీల్లో మండించుకోవటానికి పనికొస్తుంది. ఊక పోగా మిగిలిన ముడిబియ్యం మీద సన్నని గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది. దాన్ని గీకి బియ్యాన్ని తెల్లగా చేసినప్పుడు రాలే మెత్తని పొడే తవుడు. 100 కిలోల ధాన్యం ఆడిస్తే ఇంచుమించు 20 కిలోల ఊక, 8 నుంచి 10 కిలోల తవుడు వస్తాయి. అన్నం మల్లెపువ్వులా ఉండాలని మనం పట్టుబట్టినకొద్దీ మిల్లులో తవుడు ఎక్కువ రాలుతుంది.

ఆ రాలినదంతా ఎక్కడికి పోతుంది? దీపావళి వెళ్ళగానే హైదరాబాదులో జరిగే సదర్ ఉత్సవంలో దున్నపోతులను చూసే ఉంటారు. సంక్రాంతికి ఊరు వెళ్ళినవాళ్ళు బండలాగుడు పోటీలకు వచ్చిన ఒంగోలు జాతి పశువులను చూసే ఉంటారు. "అబ్బ, ఎంత నిగనిగలాడుతోందో!" అని పిల్లలకు వేలు పెట్టి చూపిస్తాం. సదర్ దున్నలకు ఒంటికి నూనె పట్టిస్తారనుకోండి, ఆ మెరుపు కొంత పైపైది. మిగతాది లోపలికి వెళ్ళిన దాణాది. ఉలవలు, పత్తిగింజలు, తెలగపిండి, వాటితోపాటు తవుడు.

తవుడులో నూటికి 12 నుంచి 14 పాళ్ళు మాంసకృత్తులు, 15 నుంచి 20 పాళ్ళు నూనె ఉంటాయి. ఆ నూనెలోనే ఉంది కిటుకంతా. పిండిపదార్థం ఇచ్చే శక్తికి నూనె రెట్టింపుకు పైగా శక్తినిస్తుంది. అంచేత కొద్దిపాటి తవుడుతోనే పశువు ఒళ్ళు చేస్తుంది, పక్కటెముకలు కనపడకుండా నిండుతుంది, వెంట్రుక నునుపు తేలుతుంది. అమెరికాలో పిల్లలు తాము పెంచిన దూడలనూ గొర్రెపిల్లలనూ పోటీకి తీసుకువెళ్ళే పెద్ద ప్రదర్శనలున్నాయి. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో జరిగేది వాటిలో ఒకటి. అక్కడి వాళ్ళూ ఒంటి నునుపు కోసం తవుడు పెడతారు. కాకపోతే వేడిచేసి నిలవుండేలా తయారుచేసిన తవుడు అది.

తవుడనగానే బి విటమిను గుర్తొస్తుంది కదూ? 1890 దశకంలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిషు బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి, తవుడు పెడితే లేచి తిరగటం గమనించాడు. ఆ పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. తమాషా ఏమిటంటే, ఆవుకూ ఎద్దుకూ ఈ విటమిను బయటనుంచి పెద్దగా అక్కర్లేదు. వాటి పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులే దాన్ని తయారుచేసి పెడతాయి. అక్కర ఉన్నది మనకి. మనమేమో దాన్ని గీకించి పశువుకు పంపిస్తున్నాం!

సరే, మంచిదన్నారు గనక ఇంకాస్త వేద్దాం అనుకుంటే ఏమవుతుంది? చిక్కు వచ్చేది ఇక్కడే. పోటీ నెలరోజులుందనగా తవుడు ఒక్కసారిగా రెట్టింపు చేసేవాళ్ళున్నారు. పశువు గడ్డి అరిగించుకునేది ఆ సూక్ష్మజీవుల వల్లనే. నూనె ఎక్కువైతే అవి సరిగా పనిచెయ్యవు. పశువు మేత వదిలేస్తుంది, పారుకుంటుంది, పెరిగిన ఒళ్ళు కాస్తా దిగిపోతుంది. అందుకని పచ్చితవుడు మొత్తం దాణాలో పావువంతు దాటకుండా చూసుకోవటం మంచిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గుప్పెడుతో ఆరంభించి పది పన్నెండు రోజుల్లో మెల్లిగా పెంచాలి. పొడిగా వేస్తే ముక్కులోకి పోయి దగ్గుతుంది, కాస్త తడిపి పెట్టాలి.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. తవుడులో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఒకటి రెండోదానికి పది రెట్లకు పైమాటే. పశువుకు కావలసిందేమో కాల్షియమే ఎక్కువగా ఉండటం. ఈ తూకం తప్పితే మూత్రంలో ఇసుకలాంటి రాళ్ళు కడతాయి. ఆడపశువుకు మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది గనక అవి జారిపోతాయి. మగపశువుకు అది పొడుగు, సన్నం, పైగా వంకరలు. చిన్నప్పుడే విత్తుకొట్టించిన ఎద్దులకూ పొట్టేళ్ళకూ మరీ ఇరుకు. "అదే తవుడు ఆవుకు పెడుతున్నాం, దానికేం కాలేదే" అనే మాట ఇందుకే పనికిరాదు.

మా పెదనాన్నగారి ఊళ్ళో ఒక రైతు పందేనికి ఎద్దును మేపుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే పేడ తీయటానికి వెళ్ళిన ఆ ఇంటి కోడలు, "కొట్టంలో నేల పొడిగా ఉందేమిటి మామయ్యా?" అని అడిగింది. మగవాళ్ళెవరూ ఆ మాట చెవినపెట్టలేదు. మధ్యాహ్నానికి ఎద్దు కాళ్ళు బారజాపి ముక్కటం, పొట్ట తన్నుకోవటం మొదలెట్టింది. చుక్క చుక్కగా తప్ప మూత్రం రావటం లేదు. డాక్టరుగారు వచ్చి ఆపరేషన్ చేశారు కాబట్టి ప్రాణం దక్కింది. ఆ ఏడు పందేనికి మాత్రం వెళ్ళలేదు. ఇంకొక రోజు ఆగి ఉంటే మూత్రాశయం పగిలి చచ్చిపోయేదే. ఇలాంటప్పుడు నాటుమందులు పోస్తూ కూర్చోకూడదు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

రాకుండా చూసుకోవటం పెద్ద ఖర్చూ కాదు. నూరుపాళ్ళ దాణాలో రెండుపాళ్ళు ఖనిజ మిశ్రమం, ఒక పాలు ఉప్పు కలపటం మామూలు పద్ధతి. తవుడు ఎక్కువగా వాడే చోట దాణాలోకి సున్నపురాయి పొడి కూడా ఎంత కలపాలో డాక్టరుగారినడిగి కలపాలి. గోడలకు వేసే సున్నం కాదు సుమా! అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడంటే అప్పుడు తాగటానికి శుభ్రమైన నీళ్ళు. చలికాలంలో పశువులు నీళ్ళు తక్కువ తాగుతాయి. సంక్రాంతి పందేలేమో సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి.

మన వంటింట్లోకి వస్తున్న రైస్ బ్రాన్ నూనె ఈ తవుడులోంచి తీసిందే. నూనె తీసేసిన తవుడును కూడా దాణాగా అమ్ముతారు. చవక, త్వరగా పాడవదు, మాంసకృత్తులు కాస్త ఎక్కువే. కాని నిగనిగ తెచ్చే నూనె అందులో లేదు. ఫాస్ఫరస్ మాత్రం ఎక్కడికీ పోదు. "నూనె తీసిందేగా, ఎంతైనా పెట్టొచ్చు" అనుకోవటం పొరపాటు.

పచ్చితవుడుకు నిలవ గుణం లేదు. గింజ ఆడించకముందు నూనె ఒకచోట, దాన్ని విరిచే ఎంజైము ఒకచోట విడివిడిగా ఉంటాయి. మరలో పడగానే రెండూ కలుస్తాయి. ఆ గంటనుంచే నూనె చెడటం మొదలు. మన ఎండలకూ ఉక్కకూ కొద్ది రోజుల్లోనే ముక్కవాసన కొట్టి చేదెక్కుతుంది. తిండి దగ్గర పశువు మనకన్నా తెలివైనది, మూతి పెట్టి తిప్పేసుకుంటుంది. ఉండలు కట్టి బూజు పట్టినదైతే విషంతో సమానం. ఉప్పుడు బియ్యం తవుడు మాత్రం కాస్త నయం. ధాన్యాన్ని ముందే ఆవిరిపట్టటం వల్ల ఆ ఎంజైము చచ్చిపోతుంది, నూనె కూడా కొంచెం ఎక్కువ.

కొనేటప్పుడు గుప్పెట పట్టి నలిపి చూడండి. మంచి తవుడు మెత్తగా ఉండి అరచేతికి జిడ్డు అంటుతుంది. గరగరమంటూ గుచ్చుకుంటే ఊక కలిపారన్నమాట. గ్లాసు నీళ్ళలో వేస్తే ఊక పైకి తేలుతుంది కూడా.

పట్నంలో ఉన్న మనం పుణ్యానికని వీధి ఆవుకో, గోశాలకో తవుడు పట్టుకెళ్తుంటాం. ఆరునెలలకు సరిపడా బస్తాలు దింపే బదులు వారానికి సరిపడా కొత్త తవుడు ఇస్తే వాళ్ళకు ఎక్కువ ఉపయోగం. దానిమీద పెళ్ళిలో మిగిలిన అన్నం గంగాళాలకొద్దీ కుమ్మరించటం మాత్రం చెయ్యకండి. అలవాటు లేని పశువు అన్నం ఒక్కసారిగా తింటే కడుపు పులిసి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో రోజూ మిగిలే గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరల తొక్కలు అయితే ఫరవాలేదు. వాటిలో గుప్పెడు తాజా తవుడు కలిపితే మన అమ్మమ్మలు పోసిన కుడితి అదే. పులిసేదాకా ఉంచకుండా ఏ పూటది ఆ పూటే పోసెయ్యండి.