సంగటి కుండను ఎక్కడ దించుతున్నారు?

వంటిల్లు సర్దుకోవడం అంటే డబ్బాలు వరుసగా పేర్చడమని చాలామంది అనుకుంటారు. నర్సులమైన మాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది సంగటి కుండ.

మన అనంతపురం పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో గట్టు, దాని మీద గ్యాస్ స్టవ్ ఉన్నాయి. కానీ అంత ఎత్తున సంగటి కెలకడం కష్టం. అందుకే ఉడుకుతున్న కుండను నేలకు దించి కట్టెతో కెలుకుతారు. సరిగ్గా అప్పుడే పాకే బిడ్డ అమ్మ దగ్గరికి వస్తుంది. సంగటి చర్మానికి అంటుకుపోతుంది, తొందరగా చల్లారదు, గాయం లోతుగా దిగుతుంది.

అందుచేత స్టవ్‌కు దగ్గరలోనే, తలుపుకు దూరంగా, ఒక మూలను సంగటికే కేటాయించండి. కుదురు, కట్టె, మసిగుడ్డ ముందే అక్కడ ఉండాలి. కుండ దించాక కట్టె కోసం వెతుక్కోవడం వద్దు. గడపకు అడ్డంగా పలక పెట్టుకుంటే ఇంకా మేలు. ఒకవేళ కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు పోస్తూ ఉండండి. బిందెడు నీళ్లు పోతాయని చూడకండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు.

నీళ్ల బిందెలు కూడా వంటకు అందే చోట, మూతతో, ఎత్తు పీట మీద ఉండాలి. మన బోర్లలో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. కాచితే అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ తెచ్చుకున్న మంచినీళ్లు ఒకవైపు, గిన్నెలు కడిగే బోరు నీళ్లు ఇంకోవైపు పెట్టండి. బిందెల రంగు వేరుగా ఉంటే పిల్లలు కూడా పొరబడరు. వారానికోసారి బిందెలు, తొట్లు తోమి ఆరబెడితే దోమ పిల్లలు పెరగవు.

శెనక్కాయ చేనుకు కొట్టే మందు డబ్బా వంటింట్లో ఉండనే కూడదు. అటక మీద, ఉప్పు జాడీ పక్కన పెట్టే ఇళ్లు ఉన్నాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదం. వంటింటి బయట పెట్టెలో పెట్టి తాళం వేయండి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి రండి.

కొత్తగా గట్టు కట్టించేవారు మేస్త్రీ కొలతకు వదిలేయకండి. ఆయన తన ఎత్తు చూసుకుని కట్టేస్తారు! వంట చేసే ఆమెను నిలబెట్టి, మోచేతికి జానెడు కిందకు గట్టు వచ్చేలా సున్నంతో గోడ మీద గీత గీయించండి.