సైటోమెగాలోవైరస్: మూడు వారాల్లో తేలవలసిన సంగతి

భారతదేశంలో పెద్దవారి రక్తం పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా సైటోమెగాలోవైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిన ఆనవాళ్లు కనిపిస్తాయి; అయినా కొన్ని సాంక్రమిక వ్యాధుల కోసం గర్భిణులకు చేసే ‘టార్చ్’ పరీక్ష నివేదికలో తప్ప ఆ పేరు సామాన్యుల కంటబడటం అరుదు. ఆటలమ్మను కలిగించే వైరస్‌తో పాటు ఇది కూడా హెర్పిస్ కుటుంబానికి చెందినదే. ఆ కుటుంబంలో మనుషులకు సోకేవాటన్నిటిలోకీ దీని జన్యురాశి పెద్దది, అందులో చాలా భాగం వ్యాధినిరోధక వ్యవస్థ కన్నుగప్పడానికే పనికివస్తుంది.

1881లో జర్మన్ వైద్యుడు హ్యూగో రిబ్బర్ట్ ఒక మృతశిశువు మూత్రపిండాల్లో అసాధారణంగా ఉబ్బిన కణాలను గమనించాడు గాని, అవేమిటో ఆయనకు అంతుపట్టలేదు. కేంద్రకం నడుమ నల్లని ముద్ద, దాని చుట్టూ తెల్లని వలయం ఉండే ఆ కణాలను వ్యాధి నిర్ధారణ నిపుణులు నేటికీ ‘గుడ్లగూబ కళ్లు’ అంటారు. 1950ల మధ్యలో మార్గరెట్ స్మిత్, వాలెస్ రో, థామస్ వెల్లర్ ఎవరికి వారుగా ఈ వైరస్‌ను వేరుచేయగా, పోలియో వైరస్‌ను ప్రయోగశాలలో పెంచినందుకు 1954లో నోబెల్ బహుమతి పంచుకున్న వెల్లరే దీనికి ఇప్పటి పేరు పెట్టాడు.

లాలాజలం, మూత్రం, చనుబాలు, వీర్యం, రక్తం వంటి శరీర ద్రవాల ద్వారా ఇది వ్యాపిస్తుంది. సోకిన పసిపిల్లల ఉమ్మిలో, మూత్రంలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వెలువడుతూనే ఉంటుంది కనుక మన దేశంలో అత్యధికులకు బాల్యంలోనే, తెలియకుండానే సోకిపోతుంది. ఆరోగ్యవంతుల్లో కొందరికి కొద్దిరోజుల జ్వరం, నీరసం, మెడ దగ్గర బిళ్లకట్టడం తప్ప మరేమీ ఉండదు. ఆపైన రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జలోని కణాల్లో వైరస్ జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. మూత్రపిండాలో, ఎముక మజ్జో మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో అది మేలుకొని ఊపిరితిత్తులను, పేగులను దెబ్బతీయగలదు. ఎయిడ్స్‌కు సమర్థమైన చికిత్స రాకముందు ఆ రోగుల్లో ఎందరో కంటి రెటీనాకు సోకిన ఈ వైరస్ వల్లనే చూపు కోల్పోయారు. గాన్‌సైక్లోవిర్ మొదలు 2017లో అమెరికాలో ఆమోదం పొందిన లెటర్మోవిర్ వరకు వచ్చిన మందులు ఈ ప్రమాదాన్ని చాలావరకు అదుపులోకి తెచ్చాయి.

గర్భస్థ శిశువు విషయంలో మాత్రం పరిస్థితి అంత సుళువుగా లేదు. గర్భిణికి తొలిసారి వైరస్ సోకితే శిశువుకు చేరే అవకాశం నూటికి 30 నుంచి 40 వరకు ఉండగా, అంతకుముందే సోకి ఉన్న తల్లి నుంచి చేరడం నూటికి ఒకటికి అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ఈ లెక్క చూసి, తల్లులందరికీ ముందే సోకిన సమాజంలో భయం లేదని వైద్యులు సైతం చాలాకాలం అనుకున్నారు. బ్రెజిల్‌లోని రిబైరో ప్రెతో నగరంలో దాదాపు 8,000 మంది నవజాత శిశువులను పరీక్షించినప్పుడు, తల్లుల్లో నూటికి 96 మందికి ముందే సోకి ఉన్నప్పటికీ, నూటికి ఒకరికి పైగా శిశువులు వైరస్‌తోనే పుట్టినట్లు తేలింది. తల్లిలోని పాత వైరస్ తిరిగి మేలుకోవడమో, ఇదే వైరస్‌లో మరో రకం కొత్తగా సోకడమో ఇందుకు కారణం. ముప్పు చిన్నదే అయినా దాని పరిధిలోకి దాదాపు తల్లులందరూ వస్తారు కనుక భారతదేశం వంటి చోట్ల ఈ వైరస్‌తో పుట్టే పిల్లల్లో అత్యధికులు అలాంటి తల్లుల బిడ్డలే అవుతారు.

అలా పుట్టిన పదిమందిలో ఒకరికి చిన్న తల, కామెర్లు, చర్మంపై ఎర్రని చుక్కలు, ఉబ్బిన కాలేయం వంటి లక్షణాలు పుట్టుకతోనే కనిపిస్తాయి. మిగిలిన తొమ్మిది మంది చూడటానికి నిక్షేపంగా ఉంటారు గాని, వారిలో నూటికి 10 నుంచి 15 మంది క్రమేణా వినికిడి కోల్పోతారు. వంశపారంపర్యం కాని పుట్టుచెవుడుకు ప్రధాన కారణం ఇదే. పుట్టినప్పుడు చేసే వినికిడి పరీక్షలో నెగ్గిన బిడ్డకు కూడా నెలలు, ఏళ్లు గడిచాక వినికిడి తగ్గవచ్చు గనుక ఒక్క పరీక్షతో నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

పుట్టుకతో వచ్చిన సోకుడును నిర్ధారించాలంటే శిశువు లాలాజలాన్నో, మూత్రాన్నో పుట్టిన మూడు వారాల్లోపు పీసీఆర్ పద్ధతిలో, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని అనేక రెట్లు పెంచి గుర్తించే విధానంలో, పరీక్షించాలి. ఆ గడువు దాటితే, చనుబాల ద్వారా ఆ తర్వాత సోకిన వైరస్‌కూ, కడుపులోనే సోకినదానికీ తేడా చెప్పడం కుదరదు. చనుబాల ద్వారా సోకిన వైరస్ నెలలు నిండి పుట్టిన బిడ్డకు హాని చేయదు కాబట్టి పాలు మాన్పించనక్కరలేదు. లక్షణాలతో పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే వాల్‌గాన్‌సైక్లోవిర్ ప్రారంభించి ఆరు నెలలు వాడితే వినికిడి, ఎదుగుదల కొంత మెరుగ్గా ఉంటాయని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. అయితే ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది కనుక తరచు రక్తపరీక్షలు తప్పవు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2023 నుంచి నవజాత శిశువులందరికీ ఈ వైరస్ కోసం పరీక్ష చేస్తోంది. పుట్టుచెవుడు పిల్లలకు ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చే తెలుగు రాష్ట్రాల్లో, కనీసం తొలి వినికిడి పరీక్షలో తప్పిన శిశువులకైనా వెంటనే లాలాజల పరీక్ష చేయడానికయ్యే ఖర్చు ఆ శస్త్రచికిత్స ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇందుకు బదులుగా ఇక్కడ డబ్బు ఎక్కువగా ఖర్చవుతున్నది గర్భిణుల టార్చ్ పరీక్షల మీద. ఆ నివేదికలో ‘ఐజీజీ’ అనే యాంటీబాడీ ‘పాజిటివ్’ అని ఉంటే జీవితంలో ఎప్పుడో వైరస్ సోకిందని మాత్రమే అర్థం. నూటికి 90 మందికి వచ్చే ఫలితమే అది. ఇటీవలి సోకుడును సూచించే ఐజీఎం కూడా కొన్నిసార్లు తప్పుగా పాజిటివ్ చూపుతుంది గనుక, ఐజీజీ వైరస్‌కు ఎంత బలంగా అతుక్కుంటుందో కొలిచే అవిడిటీ పరీక్ష తోడైతే తప్ప సోకిన కాలాన్ని అంచనా వేయలేరు. ఐజీజీ ఫలితం ఒక్కటే చూసి గర్భస్రావానికి కారణం దొరికిందనుకోవడం, మందులు వాడటం పొరపాటు.

టీకా ఇంకా లేదు. మోడెర్నా సంస్థ తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మూడో దశ ప్రయోగంలో ఆశించిన ఫలితం ఇవ్వలేదని 2025 అక్టోబరులో తేలింది. ఆ ప్రయోగం సామర్థ్యాన్ని కొలిచింది కూడా అంతవరకు వైరస్ సోకని స్త్రీలలోనే. తెలుగు నేలపై గర్భిణుల్లో అలాంటివారు పదిమందిలో ఒకరైనా దొరకడం కష్టం.