విమానపు రెక్కమీది పలకలు

విమానములో రెక్క ప్రక్కనున్న కిటికీయొద్ద కూర్చుండినవారు ఈ దృశ్యమును చూచియే యుందురు. చక్రములు నేలనంటిన తక్షణమే రెక్క వీపున కొన్ని పలకలు నిక్కి నిలుచును. అవి స్పాయిలర్లు. రెక్కలు మోయుచున్న బలమును చెరచి, బరువును చక్రములపై మోపి, బ్రేకులు బాగుగా పట్టునట్లు చేయుట వాటి పని. అయితే ఆకాశమున మలుపు తిరుగునపుడు ఒక ప్రక్క పలకలు మాత్రమే కొద్దిగా లేచుట గమనించితిరా? మేము ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

విమానము మలుపు తిరుగవలెనన్న ఆ వైపునకు ఒరుగవలెను. ఇందులకు సాధారణముగా రెక్కల కొసలయొద్ద, వెనుక అంచున, ఎయిలరానులనెడి కదలు రేకులుండును. కుడికి ఒరుగవలసినపుడు ఎడమ రేకు క్రిందికి వంగి ఆ రెక్కను లేపును. కుడి రేకు పైకి లేచి తన రెక్కను దించును. అయితే లేచెడి రెక్కను గాలి ఎక్కువగా వెనుకకు లాగును. అందుచేత విమానము కుడికి ఒరుగుచుండగా ముక్కు ఎడమకు పోజూచును. స్పాయిలరుకు ఈ పెడసరము లేదు. కుడి పలక లేచినచో కుడి రెక్కయే దిగును, ముక్కును కుడికే తిరుగును. పడవవాడు ఒక ప్రక్క తెడ్డును నీట బిగబట్టినచో పడవ ఆ వంకకే తిరుగును గదా!

మరియొక లాభము కలదు. ఎయిలరానులు లేకున్నచో వెనుక అంచు పొడవునను ఫ్లాపులు అమర్చి, తక్కువ వేగముతో దిగవచ్చును. 1942లో ఎగిరిన అమెరికా యుద్ధవిమానము పి-61 చిన్న ఎయిలరానులతో సరిపెట్టుకొని, మిగిలిన పని స్పాయిలర్లకు అప్పగించెను. 1958 నాటి బి-52జి బాంబరుకు ఎయిలరానులే లేవు.

నమూనా విమానములు చేయు యువకులకు ఒక మాట. పలకను రెక్క ముందంచునకు దగ్గరగా పెట్టినచో ఫలితము ఆలస్యముగా కనబడును. సగము దాటిన పిమ్మట పెట్టుట మేలు. కొద్దిగా లేచిన పలక దాదాపు ఏమియు చేయదు. తీగ యొక పలకను లేపునపుడు రెండవది కదలక రెక్కకు అంటియుండవలెను.

ఇక కష్టము. 1963లో తొలిసారి ఎగిరిన జపాను విమానము మిత్సుబిషి ఎం.యు-2కు రెండు ఇంజనులు. ఒరుగుటకు స్పాయిలర్లే ఆధారము. ఎడమ ఇంజను ఆగినదనుకొందము. ఎడమ రెక్క క్రుంగును. పైలటు చక్రమును కుడికి త్రిప్పును. ఎయిలరానైనచో క్రుంగిన రెక్కకు కొంత బలమును చేర్చెడిది. స్పాయిలరుకు తీసివేయుటయే కాని చేర్చుట తెలియదు. కుడి పలక లేచి, బాగుగా మోయుచున్న రెక్క బలమును హరించును. ఒంటి ఇంజనుతో ఎట్లో పైకెక్కుచున్న విమానము దిగజారును. ఆ విమానమునకు అనేక ప్రమాదములు జరిగిన పిదప, 2008లో అమెరికా విమానయాన శాఖ దానిని నడపువారికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేసెను. ఫ్లాపుల వెనుక అంచున సర్దుబాటుకై చిన్న రేకులు వేరుగా కలవు. ఇంజను ఆగినపుడు వాటితో రెక్కలను సరిచేసి, చక్రమును మధ్యకు తెచ్చి, పలకలను పడుకొనబెట్టుట పైలటు నేర్వవలసిన పాఠములలో నొకటి.