చవక ప్లేయరు చాలదా?

మీ ఇంట్లో బీరువా పై అరలో, పట్టుచీరల అడుగున, ఒక పలచని ప్లాస్టిక్ డబ్బా ఉందేమో వెతికి చూడండి. అందులో అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ళ, దానిమీద అమ్మ పేరు, నాన్న పేరు, పెళ్ళి తేదీ ఉంటాయి. 2000 తర్వాత పది పదిహేనేళ్ళపాటు మన ఊళ్ళల్లో జరిగిన పెళ్ళిళ్ళు చాలావరకు ఇలాంటి డీవీడీల్లోకే ఎక్కాయి. ఇప్పుడు లేని తాతయ్య అందులో ఇంకా పంక్తిలో వడ్డన చేయిస్తూనే ఉంటారు. కానీ చూద్దామంటే పాత ప్లేయరు మూలపడింది. కొత్త టీవీకి డిస్కు పెట్టే చోటే లేదు!

మీది దువ్వూరు అనుకుందాం. మీరూ నాన్నా ప్రొద్దుటూరు వెళ్ళి ఒక కొట్టులో అడిగారు. అక్కడ రెండు ప్లేయర్లు ఉన్నాయి. ఒకటి రెండున్నర వేలు, రెండోది పాతిక వేలు అనుకోండి. “చవకదానికి పోవద్దన్నా, బొమ్మ మసకగా వస్తుంది, శబ్దం పలచగా వస్తుంది” అన్నాడు కొట్టు అతను. నాన్న మీ వైపు తిరిగి, “నువ్వు సైన్సు సదువుకుంటాండావు గదా, సెప్పు” అన్నారు. తేడా ఇరవై రెండున్నర వేలు. పసుపు పండించే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఏమని చెబుతారు?

ముందు ఆ బిళ్ళలో ఏముందో చూద్దాం. అందులో బొమ్మలూ లేవు, పాటలూ లేవు. ఉన్నవి రెండే అంకెలు: 1, 0. సన్నని చుట్లుగా, కోట్ల కోట్ల సంఖ్యలో ఉన్నాయి. డీవీడీలో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక్క వెంట్రుక కింద తొంభై పైచిలుకు చుట్లు దాక్కుంటాయన్నమాట! ఈ దారాన్ని విప్పి సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్లు వస్తుంది. నమ్మకపోతే లెక్క కట్టండి. చుట్లు మధ్య నుంచి 24 మి.మీ. దూరంలో మొదలై 58 మి.మీ. దాకా ఉంటాయి. ఆ ఉంగరపు వైశాల్యాన్ని 0.00074 మి.మీ.తో భాగించండి.

ఇంకొక తమాషా. పాతకాలపు గ్రామఫోను రికార్డు బయటి అంచున మొదలై లోపలికి పోయేది. డిస్కు లోపల మొదలై బయటికి వస్తుంది. దారం సాగే వేగం ఎప్పుడూ ఒకటిగానే ఉండాలి కనుక, లోపలి చుట్ల దగ్గర బిళ్ళ నిమిషానికి 1,400 సార్లు తిరిగి, అంచుకు వచ్చేసరికి 580కి తగ్గుతుంది. అంత వేగంగా తిరుగుతూ, కొంచెం ఊగుతూ కూడా ఉండే బిళ్ళమీద, మైక్రానుకంటె సన్నని దారిని ఒక ఎర్రటి లేసర్ కిరణం తప్పకుండా అనుసరించాలి. కిరణాన్ని నిలిపే చిన్న కటకాన్ని తీగచుట్టలు క్షణక్షణమూ పైకీ కిందికీ, అటూ ఇటూ జరుపుతూ ఉంటాయి. ఇంత నాజూకు పని రెండున్నర వేల పెట్టె చేయగలదా?

చేయగలదు. ఈ ‘కన్ను’ను లక్షల సంఖ్యలో తయారుచేస్తారు కాబట్టి దాని ధర పడిపోయింది. పైగా వాటిని తయారుచేసే కంపెనీలు కొన్నే. వేరు వేరు పేర్లతో అమ్ముడుపోయిన ఎన్నో ప్లేయర్లలో ఒకే కన్ను ఉండేది. కన్నే కాదు, ఒక్కొక్కప్పుడు పెట్టె మొత్తం ఒకటే! అమెరికాలో లెక్సికన్ అనే పేరుమోసిన కంపెనీ సుమారు 3,500 డాలర్లకు ఒక బ్లూ-రే ప్లేయరు అమ్మేది. 2010లో కొందరు దాని మూత విప్పి చూశారు. లోపల ఒప్పో కంపెనీవారి ప్లేయరు ఉంది. దాని ధర 500 డాలర్లు. మిగతా 3,000 డాలర్లు పై తొడుగుకు పోయాయన్నమాట. (ఆ ఒప్పో కూడా 2018లో ఈ వ్యాపారంనుంచి తప్పుకుంది. అందరూ ఇప్పుడు సినిమాలను ఇంటర్నెట్‌లోనే చూస్తున్నారు గదా!)

సరే, కన్ను ఒకటే అయినా, చవక ప్లేయరు అప్పుడప్పుడూ అంకెలను తప్పుగా చదవదా? చదువుతుంది. ఖరీదైనదీ చదువుతుంది. దుమ్ము, గీతలు, వేలిముద్రలు ఉన్నంతకాలం తప్పులు తప్పవు. అయినా బొమ్మ చెడదు. ఎందుకో చూడండి.

మీ పొలంలో పండిన పసుపు కొమ్ములు నాలుగు బస్తాలు తూచారు. 61, 58, 64, 60 కిలోలు. పక్కన మొత్తం 243 అని రాశారు. ఇంతలో చీటీమీద నీళ్ళు పడి మూడో అంకె చెరిగిపోయింది. ఏమీ దిగులు లేదు. మిగిలిన మూడూ కలిపితే 179. 243లోంచి తీసేస్తే 64. చెరిగిన అంకె చెరగనట్టే! ఒక వరుసలో రెండు చెరిగిపోతే మాత్రం అడ్డం మొత్తం ఒక్కటే చాలదు. అందుకే తెలివైన గుమాస్తా ఇలాంటి వరుసలు చాలా ఉన్నప్పుడు నిలువు మొత్తాలు కూడా రాసి పెట్టుకుంటాడు.

డీవీడీలో జరిగేది ఇలాంటిదే. అంకెలను 192 వరుసలు, 172 నిలువులు ఉన్న పట్టికలుగా పేర్చి, ప్రతి వరుసకూ ప్రతి నిలువుకూ కాపలా అంకెలు చేరుస్తారు. మొత్తం అంకెల్లో నూటికి సుమారు 13 ఈ కాపలాదారులే. ఇవి మన కూడికలకంటె చాలా గడుసైన లెక్కలు. ఏ అంకె తప్పో కూడా అవే కనిపెడతాయి. ఈ పద్ధతిని 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 1986లో యురేనస్ గ్రహం దగ్గరనుంచి వాయేజర్-2 పంపిన ఫొటోలు చెడకుండా చేరింది కూడా ఈ పద్ధతి చలవవల్లే. అదే లెక్క మీ పెళ్ళి డిస్కులోనూ, రెండున్నర వేల ప్లేయరులోనూ ఉంది.

ఇందులోంచి ఒక ముఖ్యమైన సంగతి వస్తుంది. పాత టేపు క్యాసెట్ అరిగేకొద్దీ పాట కొంచెం కొంచెం మసకబారేది. అంకెల డిస్కులో అలా జరగదు. కాపలా అంకెలు సరిదిద్దగలిగినంతవరకు వచ్చే అంకెలు అచ్చం అసలువే, వెంట్రుకవాసి తేడా ఉండదు. తప్పులు ఆ హద్దు దాటితే బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది, ఆగిపోతుంది. కాబట్టి డిస్కు ఆగకుండా ఆడుతున్నప్పుడు, చవక ప్లేయరు చదివిన అంకెలూ ఖరీదైనది చదివిన అంకెలూ ఒకటే. “చవకది కాబట్టి మసక” అన్న మాట ఇక్కడికి చెల్లదు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? అంకెలు బయటికి వచ్చిన తర్వాత వస్తుంది.

ప్లేయరు వెనుక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి అంకెలు రావు, వాటిని మార్చి చేసిన విద్యుత్తరంగాలు వస్తాయి. పసుపు తీగలో రంగులూ వెలుగూ అన్నీ కలగలిపి పంపుతారు కాబట్టి బొమ్మ అంచులు కరుగుతాయి. హెచ్.డి.ఎం.ఐ. అనే బల్లపరుపు రంధ్రం ఉంటే అంకెలు అంకెలుగానే టీవీకి చేరతాయి. ఎంత చవక ప్లేయరైనా సరే, ఈ రంధ్రం ఉన్నదే అడగండి. టీవీకి కూడా అది ఉండాలనుకోండి.

ఆ పైన ఇంకో చిక్కు. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి. అంటే 4,14,720. ఇప్పటి ఫుల్ హెచ్.డి. టీవీలో 1,920 పెట్టు 1,080, అంటే 20,73,600. భాగించి చూడండి, సరిగ్గా అయిదు రెట్లు! టీవీలో ప్రతి అయిదు చుక్కలకూ డిస్కు ఇచ్చేది ఒక్కదాని సమాచారమే. మిగతా నాలుగూ పక్క చుక్కలను చూసి ఎవరో ఊహించి నింపాలి. ఈ ఊహ ప్లేయరైనా చేయవచ్చు, టీవీ అయినా చేయవచ్చు. ఖరీదైన ప్లేయరు కొంచెం మేలుగా ఊహిస్తుంది, నిజమే. అయితే ఎవరూ లేని చుక్కలను తెచ్చిపెట్టలేరు. మసకగా తీసిన పెళ్ళి పాతిక వేల ప్లేయరులోనూ మసకగానే ఉంటుంది.

శబ్దం సంగతి. హోం థియేటరు పెట్టెమీద 5.1 అని రాసి ఉంటుంది. చుట్టూ అయిదు స్పీకర్లు, లోతైన గుమగుమల కోసం ఇంకొకటి. ఆ ఆరోది సెకండుకు 120 కంపనాలలోపు ధ్వనులను మాత్రమే పలుకుతుంది కాబట్టి దానికి పాపం ‘.1’ విలువ కట్టారు. బాగుంది. కానీ డిస్కులో ఎన్ని దారుల శబ్దం ఉందో ముందు చూడాలి గదా! పెళ్ళి కెమెరాలు సాధారణంగా రికార్డు చేసింది రెండు దారుల శబ్దమే. మన కడప జిల్లాకు చెందిన బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు కలిసి 1957లో తీసిన ‘మాయాబజార్’ శబ్దం అసలు ఒకటే దారి. దాన్ని రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా కొత్తగా విడదీసి చుట్టూ పేర్చవలసి వచ్చింది. పాత డిస్కులో లేని దారిని ఆరు స్పీకర్లు పెట్టినా పుట్టించలేరు.

పెట్టెమీద ఇంకో అంకె ఇంతింత అక్షరాలతో కనిపిస్తుంది: ‘5,000 వాట్లు పి.ఎం.పి.ఓ.’ దీన్ని చూసి ఎందరో మోసపోయారు. పొలంలో అయిదు హార్స్‌పవర్ మోటారు ఎరుగుదురు గదా. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. అంటే ఆ మోటారు శక్తి 3,730 వాట్లు. బోరులోంచి నీళ్ళు ఎత్తిపోసే మోటారుకంటె ఈ చిన్న పెట్టె ఎక్కువ శక్తి వెలువరిస్తుందట! అదీ 5 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే! 230 వోల్టులను 5 ఆంపియర్లతో హెచ్చిస్తే 1,150 వాట్లు. ఆ ప్లగ్గు అంతకుమించి ఇవ్వదు. ఇక పెట్టె వెనుకకు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. తీసుకునే విద్యుచ్ఛక్తి 50 వాట్లో 60 వాట్లో అని ఉంటే, శక్తి నిత్యత్వ సూత్రం ప్రకారం నిలకడగా వచ్చే శబ్దశక్తి అంతకు మించదు. పి.ఎం.పి.ఓ. అనేది రెప్పపాటు కూడా నిలవని ఒక శిఖరాన్ని పట్టుకుని కట్టిన అంకె. ఎలా కట్టాలో ఖచ్చితమైన నియమం కూడా లేదు. చవక సరుకులో నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదొక్కటే.

నన్నడిగితే మిగిలిన డబ్బులో కొంత స్పీకర్లకు పెట్టమంటాను. ప్లేయరు అంకెలను తేలిగ్గా చదవవచ్చుగానీ, స్పీకరు నిజంగా గాలిని తోయాలి. అక్కడ అట్టకూ అయస్కాంతానికీ ధర ఉంటుంది. ఇక డబ్బు అక్కరలేని మరమ్మతు ఒకటుంది. మన ఇళ్ళల్లో కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు. శబ్దం వాటికి తగిలి మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది, మాటమీద మాట పడుతుంది. గది ఖాళీ చేసి ఒకసారి చప్పట్లు కొట్టండి. తర్వాత కింద రెండు బొంతలు పరచి, గోడకు ఒక దుప్పటి వేలాడదీసి మళ్ళీ కొట్టండి. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే యువ ఆచార్యుడు చేసింది ఇదే పని. పాఠం వినబడని ఒక ఉపన్యాసశాలను బాగుచేయమన్నారట. ఆయన పక్క థియేటరునుంచి కుర్చీల దిండ్లు రాత్రిపూట మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లకు ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. తెల్లవారేలోగా మళ్ళీ మోయించి పెట్టేవాడు. ఒక శాస్త్రం అలా దిండ్లమీద మొదలైంది.

అయితే చవక ప్లేయరులో లోపమే లేదా? ఉంది. కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపే పళ్ళచక్రాలు ప్లాస్టిక్‌వి, త్వరగా అరుగుతాయి. కరెంటు ఎక్కువ తక్కువలకు లోపలి విద్యుత్ సరఫరా భాగం ముందుగా పోతుంది. దుమ్ము పడి కన్ను మసకబారుతుంది. అది ఆడినన్నాళ్ళూ బాగానే ఆడుతుంది, ఎన్నాళ్ళు ఆడుతుందన్నదే సందేహం. (పాడైతే మూత విప్పి లోపలికి తొంగి చూడకండి. లేసర్ కిరణం కంటికి చేటు.)

మీ విషయంలో అంతకంటె తొందరపడేది డిస్కే. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సినిమా డిస్కులో అంకెలు ప్లాస్టిక్‌లో గుంటలుగా ఉంటాయి. పెళ్ళివాళ్ళు ఇచ్చిన డిస్కులో అవి ఒక రంగు పూతమీద లేసర్‌తో కాల్చిన మచ్చలు. వేడికీ ఎండకూ ఆ పూత మారుతుంది. మన వైపు ఎండలు నలభై డిగ్రీలు దాటడం మీకు తెలిసిందే. కాబట్టి డిస్కు డ్రైవు ఉన్న కంప్యూటరు బడిలోనో, తెలిసినవారి దగ్గరో దొరికితే ముందు దాన్ని నకలు తీయించండి. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత చుట్టు వెంటే పోతుంది, ఒకే పట్టికలో వరసగా అంకెలను మింగేస్తుంది. అడ్డగీత ఒక్కొక్క చుట్టులో కొంచెమే కొరుకుతుంది, దాన్ని కాపలా అంకెలు సర్దుకుంటాయి.

ఇక నాన్నకు జవాబు. కొట్టుకు పెళ్ళి డిస్కే పట్టుకుపోండి, వాళ్ళు చూపించే కొత్త సినిమా డిస్కు వద్దు. నకలు తీయించిన తర్వాతే సుమా! రెండున్నర వేల ప్లేయరులో పెట్టించండి. మొదటినుంచి చూస్తూ కూర్చోనక్కరలేదు, చివరికి జరపమనండి. చివరి భాగం ఉండేది అంచున. వంపు ఎక్కువగా తెలిసేదీ, వేలిముద్రలు ఎక్కువగా పడేదీ అక్కడే. పెళ్ళి డిస్కులో అక్కడ ఉండేది అప్పగింతలు. అవి ఆగకుండా, గడులు పడకుండా వస్తే ఆ పెట్టె కట్టించి, బస్సెక్కండి.