సోఫాకు దుప్పటి కప్పక్కర్లేదు

ఫోన్ కొనేముందు ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత అని పది రివ్యూలు చూస్తాం. పదేళ్లు వాడాల్సిన సోఫా దగ్గరికొచ్చేసరికి 'ఆ నీలం బావుంది' అనేసి డబ్బులు కట్టేస్తాం. తర్వాత మరకలు పడతాయని పైన పాత దుప్పటి కప్పుతాం. చుట్టాలొస్తేనే తీస్తాం. మరి ఆ బట్ట ఎవరి కోసం కొన్నట్టు?

కాకినాడలో మా ఇంటి టేకు సోఫాకు కొత్త బట్ట వేయించే పని ఆమధ్య నాకు అప్పగించారు. చెక్క దిట్టంగా ఉంది. పైనున్న రెక్సిన్ మాత్రం పొట్టు పొట్టుగా రాలిపోతోంది. 'మళ్లీ అదే వేయించు, తుడిస్తే పోతుంది' అంది అమ్మ. కానీ రెక్సిన్ పేరుతో అమ్మేవాటిలో పాలియురెథేన్ పూత ఉండే రకానికి తేమ పడదు. గాలిలోని తేమకి పూత మెల్లగా దెబ్బతిని ఊడొస్తుంది. సముద్రం పక్క ఊళ్లో ఎంత తుడిచినా అది ఆగదు. అందుకే బట్ట వైపు వెళ్లాం.

బట్టకూ స్పెక్స్ ఉంటాయి. మొదటిది మార్టిండేల్ నంబరు. మెషీన్‌లో ఉన్ని గుడ్డతో రుద్దుతూ, దారం తెగేదాకా ఎన్ని రుద్దుళ్లు తట్టుకుందో లెక్కపెడతారు. రోజూ కూర్చునే సోఫాకైతే 20,000 పైన ఉండేది చూసుకోండి. రెండోది క్లీనింగ్ కోడ్. 'డబ్ల్యూ' ఉంటే నీళ్లతో శుభ్రం చేయొచ్చు. 'ఎస్' ఉంటే నీళ్లు తగలకూడదు, డ్రై క్లీనింగ్ ద్రావకమే వాడాలి. 'ఎక్స్' ఉంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. పిల్లలున్న ఇంట్లో 'ఎక్స్' బట్ట తలనొప్పే.

కాటన్ చల్లగా ఉంటుంది గానీ మరకను వెంటనే పీల్చేస్తుంది. పాలియెస్టర్ గట్టిది, మరక త్వరగా ఇంకదు, కాకపోతే ఎండాకాలం చెమట పడుతుంది. ఉచ్చులుగా నేసిన బట్టలకు పిల్లి గోరు తగిలితే దారం లాగేస్తుంది. మేం రెండు మూడు రంగుల దారాలు కలిపి దగ్గరగా నేసిన పాలియెస్టర్ బట్ట తీసుకున్నాం. నాన్న తలకు రాసుకునే కొబ్బరి నూనె మరక దాని మీద అంతగా కనబడదు మరి!

షాపులో చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. దాని మీద ఒక చుక్క సాంబారు, ఒక చుక్క నూనె వేసి, అరగంటాగి తుడవండి. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగుతుందేమో చూడండి. షాపు లైట్ల కింద కనిపించిన రంగు మీ కిటికీ వెలుతురులో వేరేగా ఉండొచ్చు, అదీ తెలిసిపోతుంది.

ఇక వాడకం. వారానికోసారి వాక్యూమ్ చేయండి. దుమ్ము గరుకు కాగితంలా దారాన్ని అరగదీస్తుంది. ఏదైనా ఒలికితే రుద్దొద్దు, పొడిగుడ్డతో అద్దండి, అంచు నుంచి మధ్యకి. నూనె పడితే టాల్కం పౌడర్ చల్లి, పీల్చుకున్నాక దులపండి. పసుపు మరకకి సబ్బు తగిలి ఎర్రబడితే కంగారొద్దు, సబ్బులోని క్షారానికి పసుపు అలాగే మారుతుంది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది. అయితే ఎండకి బట్ట రంగూ వెలుస్తుంది కాబట్టి, ఎక్కువసేపు ఉంచకండి.

చివరిగా, కొనేటప్పుడే అర మీటరు ఎక్కువ తీసుకోండి. నాలుగేళ్లకి చేతులు ఆనించే చోట అరిగితే, అదే రంగు మళ్లీ దొరకడం కష్టం.